ఐదు లక్షలు తగ్గిస్తానంటున్న బ్రోకర్

ప్రశ్న: మాది అనంతపురం. భార్యాభర్తలం ఇద్దరం బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాం. కసవనహళ్లిలో పన్నెండేళ్ల పాత డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ నచ్చింది. అమ్మేది రిటైరైన తెలుగు దంపతులు, హైదరాబాద్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నారు. 98 లక్షలు చెప్పారు. మా బ్రోకర్ వాళ్ల ఎదురుగానే "ఈ వంటిల్లు మొత్తం పీకి పారేయాలి, 80కి మించి ఎవడిస్తాడు" అన్నాడు. పక్క బ్లాకులో మాకు 85కే ఇంకోటి కుదిరిందని అబద్ధం కూడా చెప్పాడు. అప్పటి నుంచి వాళ్లు ఫోన్ ఎత్తడం లేదు. "నాన్చితే వాళ్లే దిగొస్తారు, ఐదు లక్షలు తగ్గించి చూపిస్తా" అంటున్నాడు. కమిషన్ 2 శాతం. మా చేతిలో 30 లక్షలున్నాయి. ఈయన్నే నమ్ముకోవచ్చా? (పేరు వద్దన్నారు)

జవాబు: బేరం ఆడటంలో తప్పేమీ లేదు. అవతలివాళ్లు కూడా ఓ మాట తగ్గించుకోవడానికి సిద్ధపడే 98 అని ఉంటారు. కానీ ఆవిడ ఎన్నాళ్లుగానో వండుకుంటున్న వంటింట్లో నిలబడి పీకి పారేయాలనడం బేరం కాదు.

ముందు డబ్బు లెక్క చూద్దాం. ధర 98 నుంచి 93కి దిగితే మీకు ఐదు లక్షలు మిగులుతాయి. ఆయన 2 శాతం మాత్రం 1.96 లక్షల నుంచి 1.86కి వస్తుంది. అంటే మీ కోసం ఐదు లక్షలు కొట్లాడితే ఆయన జేబులో పదివేలు తగ్గుతాయి. ఆయనకు కావాల్సింది డీల్ అయిపోవడం, ధర ఎంతన్నది తర్వాతి మాట. పైగా ఒకే మనిషి రెండువైపులా కమిషన్ తీసుకోవడం ఇక్కడ మామూలే. "అమ్మేవాళ్ల దగ్గర మీకేమైనా వస్తోందా?" అని సూటిగా అడగండి. ఆయనకు జీఎస్టీ ఉంటే కమిషన్ మీద మరో 18 శాతం పడుతుంది, అదీ ఇప్పుడే తేల్చుకోండి.

నేనైతే శాతం వదిలేసి, ధర ఎంతకు తెగినా ఫీజు ఒకటేనని, అన్నీ కలిపి లక్షన్నర, రిజిస్ట్రేషన్ రోజున ఇస్తానని కాగితం మీద రాసుకుంటాను. "తగ్గించిన దాంట్లో ఇంత వాటా" అనే ఒప్పందం పైకి తెలివైనదిగా కనిపిస్తుంది గానీ, ఆయన ఆడే అబద్ధాలకు జీతం ఇచ్చినట్టే అవుతుంది. ఏజెంట్లు తప్పుడు మాటలు చెప్పి మోసం చేయకూడదని 2016 నాటి రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టంలో ఉంది. కానీ అది రెరాలో నమోదైన ప్రాజెక్టులకు. పన్నెండేళ్ల నాటి బిల్డింగుకి ఆ అండ ఉంటుందనుకోకండి.

ఇక మీ హద్దు. బెంగళూరులో స్టాంప్ డ్యూటీ 5 శాతం, దాని మీద సెస్సు, సర్‌చార్జి కలిపి 0.6, రిజిస్ట్రేషన్ ఫీజు 2025 ఆగస్టు 31 నుంచి 2 శాతం. మొత్తం 7.6. లోన్ 75 లక్షల దాకా అయితే బ్యాంకు ఇంటి విలువలో 80 శాతం వరకు ఇవ్వొచ్చు, అది దాటితే 75 శాతమే. కాబట్టి 94 లక్షల ధరకు లోన్ 75 అనుకుంటే, మీ వాటా 19, రిజిస్ట్రేషన్ ఖర్చులు 7.14, బ్రోకర్‌కి లక్షన్నర. చేతిలో మిగిలేది దాదాపు 2.36 లక్షలు. 8.5 శాతం వడ్డీకి ఇరవై ఏళ్లకి ఈఎంఐ సుమారు 65 వేలు, అంటే మిగిలింది నాలుగు నెలలకు కూడా రాదు. అందుకే 94 దాటొద్దు. ఈ అంకె మీ జేబు చెప్పింది, బ్రోకర్ పౌరుషం కాదు.

ఇప్పుడు ఫోన్ మీరే చేయండి. "అమ్మా, ఆ రోజు మా తరఫున వచ్చినాయన మాట్లాడిన తీరు మాకే బాధేసింది. 85కి కుదిరిందన్నది నిజం కాదు. మాకు మీ ఇల్లు నచ్చింది" అనండి. రేపు ఉండబోయేది ఆ అపార్ట్‌మెంట్‌లోనే. పక్క బ్లాకులో ఏ ఫ్లాట్ ఎంతకు పోయిందో వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఈపాటికే అడిగి ఉంటారు. అలాగని బ్రోకర్‌ని తప్పించి కమిషన్ ఎగ్గొట్టొద్దు. ఇల్లు చూపించింది ఆయనే, ఫోన్ చేస్తున్నామని ఆయనకూ చెప్పండి.

తగ్గించమనడానికి కారణాలు చేతిలో పట్టుకెళ్లండి. బాత్రూం లీకేజీకి మేస్త్రీ రాసిచ్చిన కొటేషన్, అదే అపార్ట్‌మెంట్‌లో ఈమధ్య రిజిస్టరైన ధరలు చాలు. వెబ్‌సైట్లలో పెట్టేవి అడిగే ధరలు, అమ్ముడుపోయినవి కావు. వాటితో పాటు బ్యాంకు సాంక్షన్ లెటర్ చూపించండి. సామాను సర్దుకుని కూతురి దగ్గరికి వెళ్లాలనుకునేవాళ్లకు లక్ష ఎక్కువిచ్చి నాలుగు నెలలు తిప్పేవాడికన్నా, చెప్పిన తేదీకి డబ్బు వేసేవాళ్లే మేలు. ఖాళీ చేసే తేదీ వాళ్లకు అనుకూలంగా వదిలేయండి, రిజిస్ట్రేషన్ మాత్రం తాళాలిచ్చే రోజే.

టోకెన్ ఇచ్చేటప్పుడే టీడీఎస్ సంగతి చెప్పేయండి. ధర 50 లక్షలు లేదా అంతకు మించితే 1 శాతం మీరు పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. 93 లక్షలకు 93 వేలు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్ల మీద ఈ మాట మొదటిసారి వింటే ఏ పెద్దాయనకైనా మోసపోయానే అనిపిస్తుంది. కొంత క్యాష్ ఇద్దామని బ్రోకర్ అంటే వద్దనండి. ఇరవై వేలు, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నంతా పెనాల్టీగా పడేది ఆ పెద్దాయనకే, పైగా రాసిన ధర తగ్గితే మీ లోన్ తగ్గుతుంది.

అగ్రిమెంట్ తర్వాత రెండు మూడు నెలలు వాళ్లతోనే మీ పని. ఈ-ఖాతా (ఆస్తి ఎవరి పేరున ఉందో చూపే ఆన్‌లైన్ రికార్డు), అభ్యంతరం లేదని అసోసియేషన్ ఇచ్చే ఎన్‌ఓసీ, బ్యాంకు వాల్యుయేషన్ వాళ్లు వస్తే తలుపు తీయడం, అన్నిటికీ వాళ్లు కదలాలి. నా మొదటి ఫ్లాట్ కొన్నప్పుడు నా బ్రోకర్ ఇలాగే అమ్మేవాడిని మాటలతో పొడిచి మూడు లక్షలు తగ్గించాడు. నేనూ పక్కన కూర్చుని నవ్వాను. తాళాలు తీసుకుని లోపలికి వెళ్తే ఫ్యాన్లు లేవు, గీజర్ లేదు, బల్బు హోల్డర్లు కూడా విప్పుకెళ్లాడు. మొదటి రాత్రి సెల్‌ఫోన్ టార్చి వెలుగులో అన్నం తిన్నాం. అందుకే ఏమేం వదిలి వెళ్తారో వాళ్లతో కూర్చుని అగ్రిమెంట్‌లో రాయించండి, ఆ వంటింటి చిమ్నీతో సహా.