కొండ మీద టెంటు వేస్తే ఎవర్ని అడగాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజులూ కలిపి చూస్తే సగానికి పైగా టెంట్ల గొడవే. సంక్రాంతి సెలవల్లో మన ఒడిశా సరిహద్దు జిల్లాల కుర్రాళ్ళంతా కొండలెక్కేసినట్టున్నారు, దిగాక అందరికీ ఒకటే డౌటు, పర్మిషన్ ఉండాలా, ఉంటే ఎవడిస్తాడు అని. అందుకే ఈసారి వంట డౌట్లూ పెళ్ళి డౌట్లూ పక్కన పెట్టేశాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మేం సునాబెడ కాలనీ కుర్రాళ్ళం, ఆరుగురం. కోరాపుట్ జిల్లాలోనే ఓ కొండ మీద రెండు టెంట్లు వేసుకున్నాం. రాత్రి తొమ్మిదిన్నరకి యూనిఫాంలో ఇద్దరొచ్చి పర్మిషన్ చూపించమన్నారు, లేదన్నాం, ఫైన్ అని ఆరొందలు తీసుకున్నారు, రసీదు అడిగితే పొద్దున్న ఆఫీసుకి రమ్మన్నారు. ఇరవై అడుగుల దూరంలో సౌండ్ బాక్సులు పెట్టుకుని డాన్సులేస్తున్న ఇంకో బ్యాచ్‌ని మాత్రం ఒక్క మాట అనలేదు. ఇదేం న్యాయం అండీ?

జవాబు: న్యాయం కాదు తమ్ముడూ. కొండ పేరు కూడా రాశావు గానీ నేనే తీసేశాను, ఎందుకంటే ఈ కథ ఆ ఒక్క కొండదే కాదు. ముందు ఆ ఆరొందల సంగతి చూద్దాం. అటవీ నేరానికి డబ్బు కట్టి కేసు లేకుండా చేసుకోవడాన్ని కాంపౌండింగ్ అంటారు, అది గార్డు చేతిలో ఉండే పని కాదు, పై ఆఫీసరు కాగితం మీద చెయ్యాలి, రసీదు ఉండాలి. రసీదు లేదంటే ఆ ఆరొందలు ఫైనూ కాదు ఫీజూ కాదు, ఏమిటో నీకూ తెలుసు నాకూ తెలుసు. ఈసారి ఎవరైనా అడిగితే గొడవ పడకుండా, సార్ పేరు రాసి రసీదు ఇవ్వండి, లేకపోతే పొద్దున్న ఆఫీసులోనే కడతాం అని మెల్లగా అను. సగం మంది అక్కడే చల్లబడతారు.

ఇక పర్మిషన్ విషయానికొస్తే, అందరూ చేసే తప్పే మీరూ చేశారు, కొండంటే ఎవరిదీ కాదు అనుకున్నారు. కాళ్ళ కింద ఉన్నది రిజర్వ్ ఫారెస్టా, రెవెన్యూ భూమా, ఊరివాళ్ళకి హక్కు పత్రం ఇచ్చిన అడవా, శాంక్చురీనా అన్నదాన్ని బట్టి అడగాల్సిన మనిషి మారిపోతాడు. రిజర్వ్ ఫారెస్ట్ అయితే ఒడిశాకి 1972 నాటి సొంత అటవీ చట్టం ఉంది, అనుమతి లేకుండా అందులో దూరడం, నిప్పు పెట్టడం, కొమ్మ నరకడం నేరాలే. అక్కడ అడగాల్సింది అటవీ శాఖ వాళ్ళ రేంజ్ ఆఫీసులో. రెవెన్యూ భూమి అయితే తహసీల్దారు. కోరాపుట్ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ఏరియా, అంటే గిరిజనులకి ప్రత్యేక రక్షణ ఉన్న ప్రాంతం, పైగా 2006 అటవీ హక్కుల చట్టం ఊరి అడవిని కాపాడుకునే అధికారం గ్రామసభకి ఇచ్చింది, కాబట్టి ఊరివాళ్ళు వచ్చి ఇక్కడ వద్దు బాబూ అంటే మీరెవరు చెప్పడానికి అనకండి, చట్టం ప్రకారం కూడా వాళ్ళు ఎవరో ఒకరే.

నేనైతే ఏం చేస్తానంటే తెల్లకాగితం మీద ఎవరెవరం వస్తున్నాం, బండి నంబర్లేంటి, ఏ రాత్రి ఉంటాం, పొయ్యి తెస్తున్నామా లేదా అన్నీ రాసి రేంజ్ ఆఫీసులో ఇచ్చి కాపీ మీద ముద్ర వేయించుకుంటా, పోలీస్ స్టేషన్‌లో ఒక మాట చెప్తా, కొండ కింద ఊళ్ళో పెద్ద నాయక్‌నో, ఊరికి కబుర్లు మోసే బారిక్‌నో పట్టుకుని ఫలానా చోట పడుకుంటాం అని చెప్తా. చీకట్లో కొండ మీద లైట్లు కనిపిస్తే మన ఏరియాలో ఊరికే వదలరు, మావోయిస్టుల కోసం గాలించిన కొండలు కదా, కోరాపుట్ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ముద్ర ఉన్న కాగితం గార్డుకి పనికొస్తుంది, కానీ రాత్రి ఒకడికి కాలు బెణికితే నులక మంచం మీద మోసుకొచ్చేది ఆ నాయక్ పంపిన మనుషులే.

ఇంకో మాట. దేవ్‌మాలి 1672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తు, పైన చెట్టు తక్కువ, గడ్డే గడ్డి. జనవరి దాటితే ఆ గడ్డి కొబ్బరి పీచులా ఎండిపోతుంది, గాలి ఒక్క క్షణం ఆగదు. అలాంటి చోట క్యాంప్ ఫైర్ ఫోటో కోసం నిప్పు రాజేసేవాళ్ళని గార్డు లేపేస్తే నేను గార్డు పక్షమే. ఇరవై రెండేళ్ళ వయసులో మాచ్‌కుండ్ వైపు మేమూ ఇదే వెధవ పని చేశాం. మూడు రాళ్ళు పెట్టి టీ కాచాం, టీ అయ్యాక నీళ్ళు పోశాం, బుస్సుమంది, ఆరిపోయిందనుకుని పడుకున్నాం. తెల్లవారుజామున చిటపటలు వినిపించి లేచి చూస్తే రాయి వెనకనుంచి గడ్డి అంటుకుని పామెళ్ళినట్టు పల్లానికి పోతోంది. పచ్చి కొమ్మలు విరిచి బాదాం, నా చొక్కా చెయ్యి కాలింది, ఈలోగా కింద ఊరివాళ్ళు పరిగెత్తుకొచ్చి ఆర్పారు. ఒక్క తిట్టు తిట్టలేదు. ఆర్పిన తర్వాత ఒక ముసలాయన చోడి అంబలి ఇచ్చాడు, అది మింగడానికి పడ్డ సిగ్గు ఇంకా గుర్తుంది.

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ప్రతి శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కి, పైనే వండుకుని, పైనే జాగారం చేసే అలవాటు మా మావగారి తాతల నాటిది. ఇప్పుడు ప్లాస్టిక్ వద్దు, పొయ్యి వద్దు, ఇక్కడ పడుకోవద్దు అంటున్నారు. దేవుడి దగ్గర పడుకోడానికి కూడా పర్మిషనా?

జవాబు: అమ్మా, మీ కోపం అర్థమైంది. కానీ మీ మావగారి తాతలు ఎక్కినప్పుడు నడిచి ఎక్కారు, మోదుగాకు విస్తరిలో తిన్నారు, వదిలేసిన ఆకు ఆవు తినేది. ఇప్పుడు జీపు చాలా దూరం వెళ్తోంది, జనం వేలల్లో వస్తున్నారు, భీముడి గుడి, కుంతి గుడి, ధర్మరాజు గుడి దగ్గర శివరాత్రి మర్నాడు పొద్దున్న చూడండి, నీళ్ళ ప్యాకెట్లు, గుట్కా కవర్లు, థర్మాకోల్ ప్లేట్లు. అది 1501 మీటర్ల కొండ, మందుమొక్కలకి పేరున్న కొండ, 2002 జీవవైవిధ్య చట్టంలో 37వ సెక్షన్ కింద వారసత్వ ప్రదేశంగా గుర్తించిన కొండ. మహేంద్రతనయ అక్కడే పుడుతుంది, పుట్టి శ్రీకాకుళం జిల్లాలోంచి పోయి బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. పైన మీరు సబ్బుతో తోమిన గిన్నె నీళ్ళు కింద మీ చుట్టాలే తాగుతారన్నమాట.

అయితే ఒకటి మాత్రం ఒప్పుకుంటా. జాగారానికి వచ్చిన ముసలమ్మనీ, బీరు సీసాలతో వచ్చిన బైకు బ్యాచ్‌నీ ఒకే కర్రతో తోలడం తప్పు. జాగారం వాళ్ళకి ఒక చోటు, నీళ్ళు, మరుగుదొడ్లు, వంటకి ఒక షెడ్డు చూపించి ఆ తర్వాత మిగతా చోట వద్దంటే ఎవరూ కాదనరు. చోటు చూపించకుండా వద్దు వద్దు అంటే జనం చీకట్లో ఎక్కడో ఒక చోట పడుకుంటారు, అది ఇంకా ప్రమాదం. మీ ఊరి వాళ్ళు నలుగురు కలిసి పండక్కి నెల ముందే కలెక్టరుకి ఈ మాటే అర్జీ పెట్టండి. ఈలోగా వంట ఇంట్లోనే చేసుకుని వెళ్ళండి, పులిహోర రెండు పూటలు నిలుస్తుంది.

ప్రశ్న: బల్లార్షాలో ఉంటాం. తాడోబా పులుల అడవిలో టెంట్ స్టే అని ఇన్‌స్టాలో చూశా. పిల్లలతో వెళ్దామనుకుంటున్నాం. మన సొంత టెంటు వేసుకోవచ్చా?

జవాబు: వద్దు. ఇంకోసారి చెప్తా, వద్దు. మీరు చూసింది అడవి బయట రిసార్టు వాడి టెంటు, లోపల మంచం, ఏసీ, గీజరు ఉంటాయి, అది గుడ్డ గోడల హోటల్. తాడోబా కోర్, అంటే పులులకే వదిలేసిన నడిమి అడవి, సుమారు 625 చదరపు కిలోమీటర్లు, అందులోకి గేటు బుకింగ్ ఉన్న జిప్సీ జీపులో గైడుతో వెళ్ళడమే, దిగడం లేదు, ఫోన్ తియ్యనివ్వరు, మంగళవారం సెలవు, వానాకాలం మూత. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి పోవడం, నిప్పు పెట్టడం రెండూ నేరాలే, 2022 సవరణలో మామూలు ఉల్లంఘనలకి ఫైను హద్దు 25 వేల నుంచి లక్షకి పెంచారు, మూడేళ్ళ దాకా జైలు కూడా ఉంది. బఫర్‌లో, అంటే కోర్ చుట్టూ ఊళ్ళూ అడవీ కలిసున్న పట్టీలో, రోడ్డు పక్కన ఖాళీగా కనిపించిన మైదానం కూడా ఖాళీ కాదు. చంద్రపూర్ జిల్లాలో ఇప్పపువ్వు ఏరుకోడానికి తెల్లారకముందే వెళ్ళి పులి నోట పడినవాళ్ళ వార్తలు ప్రతి ఎండాకాలం చదువుతూనే ఉన్నాం కదా. వంగి ఏరుకునే మనిషి పులికి నాలుగు కాళ్ళ జంతువులా కనిపిస్తాడని అక్కడివాళ్ళు చెప్తారు. మరి టెంటు జిప్పు తీసి పాక్కుంటూ బయటికొచ్చే మీ చిన్నోడు ఎలా కనిపిస్తాడో ఆలోచించండి. బఫర్ ఊళ్ళలో హోమ్‌స్టేలున్నాయి, అక్కడ దిగండి, జొన్నరొట్టె తినండి.

ప్రశ్న: మా అబ్బాయి కాలిఫోర్నియాలో ఉంటాడు. కొండెక్కడానికి లాటరీ తగిలిందట, పైగా దొడ్డికెళ్ళింది కూడా సంచీలో కట్టి మోసుకుని దిగాలట. నన్ను ఆటపట్టిస్తున్నాడా? (రాయగడ నుంచి ఒక తల్లి)

జవాబు: లేదమ్మా, నిజమే చెప్పాడు. అది మౌంట్ విట్నీ అయ్యుంటుంది, 14,505 అడుగులు. మే 1 నుంచి నవంబర్ 1 దాకా రోజుకి పొద్దున్నెక్కి సాయంత్రం దిగేవాళ్ళు వంద మంది, రాత్రి ఉండేవాళ్ళు అరవై మంది, అంతే, అందుకే లాటరీ. పైన అంతా రాయి, గొయ్యి తవ్వడానికి మట్టి లేదు, చలికి ఏదీ కుళ్ళదు, కాబట్టి ప్రత్యేకమైన సంచీ ఇస్తారు, అందులో ఒక పొడి ఉంటుంది, అది తడిని పీల్చుకుంటుంది. మూట కట్టి దింపాల్సిందే. మన దగ్గర గేటు దగ్గర బండ్లని లెక్కపెట్టి పార్కింగ్ డబ్బులు తీసుకుంటారు, వాళ్ళు మనుషుల్ని లెక్కపెడతారు, తేడా అక్కడుంది. మన కొండల మీద అయితే మట్టి ఉంది గనక సంచీ అక్కర్లేదు, నీళ్ళకి డెబ్భై అడుగులు కాదు, డెబ్భై అంగల దూరం పోయి జానెడు లోతు గొయ్యి తీసి కప్పెట్టమని ఇక్కడి కుర్రాళ్ళకి చెప్తుంటాను. వెట్ వైప్స్ మాత్రం కప్పెట్టకండిరా బాబూ, కుక్కలు తవ్వి ఊరంతా లాగుతాయి.

ప్రశ్న: టెంటు కొనాలా అద్దెకా? (కోరాపుట్ జిల్లా జైపూర్ నుంచి)

జవాబు: ఏడాదికి ఒక్కసారే అయితే అద్దెకి. తీసుకునే ముందు షాపులోనే విప్పి మేకులు లెక్కపెట్టుకోండి, నాకిచ్చిన దాంట్లో పన్నెండుకి ఏడే ఉన్నాయి.