పాత కంప్యూటర్ కొత్త విండోస్‌కు అర్హం కాదని చెబితే దాన్ని పక్కన పెట్టేయవలసిందేనా?

మీ ప్రశ్న సారాంశం ఇది: 2016లో కొన్న డెస్క్‌టాప్ కాస్త నెమ్మదించినా, దానిలో విండోస్ 10 బాగానే నడుస్తోంది. అయినా దానికి మద్దతు ముగిసిందనీ, ఈ కంప్యూటర్ విండోస్ 11కు అర్హం కాదనీ తెర మీద సందేశాలు వస్తూనే ఉన్నాయి. ఉత్తరాలు రాసుకోవడానికి, ఇంటి లెక్కలు చూసుకోవడానికి, ఫొటోలు దాచుకోవడానికి మాత్రమే వాడుతున్న యంత్రాన్ని మార్చక తప్పదా అని అడిగారు. తప్పనిసరిగా మార్చాలన్నది నిజం కాదు. అలాగని ఏమీ చేయకుండా ఎప్పటిలాగే ఇంటర్నెట్‌కు కలిపి వాడుకోవడమూ క్షేమం కాదు. మా ఇంట్లోను, బంధువుల ఇళ్లలోను ఇటువంటి పాత కంప్యూటర్ల బాగోగులు చాలా ఏళ్లుగా నేనే చూస్తున్నాను కాబట్టి నాకు అనుభవంలో తేలిన విషయాలు రాస్తున్నాను.

మద్దతు ముగిసినంత మాత్రాన యంత్రం ఆగిపోదు. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న జరిగినదే విండోస్ 10కు 2025 అక్టోబర్ 14న జరిగింది. అంటే ఆ తేదీ తర్వాత బయటపడే లోపాలకు మామూలు పద్ధతిలో సవరణలు రావు. ఇందులోని అసలు ప్రమాదం ఏమిటంటే, కొత్త వెర్షన్‌కు సవరణ విడుదలైనప్పుడు దాన్ని విప్పి చూసినవారికి అదే లోపం పాత వెర్షన్‌లో ఎక్కడ ఉందో కూడా తెలిసిపోతుంది. 2017 మేలో ప్రపంచమంతటా వ్యాపించిన, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై అనే ప్రోగ్రాము దాడిని ఈ సందర్భంలో చాలామంది ఉదాహరణగా చూపుతారు. అప్పుడు దెబ్బతిన్నవాటిలో అత్యధికం ఎక్స్‌పీ యంత్రాలు కావు. ఇంకా మద్దతులోనే ఉన్నా, రెండు నెలల ముందు మార్చిలోనే వచ్చిన సవరణను వేసుకోని విండోస్ 7 యంత్రాలు. అందువల్ల వెర్షన్ కొత్తదా పాతదా అన్న ప్రశ్న కంటే, ఇప్పుడు వాడుతున్న దానికి సవరణలు అందుతున్నాయా లేదా అన్న ప్రశ్నే ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక అర్హత నియమాల సంగతి. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు నమ్మదగిన ప్రోగ్రాములనే నడవనిచ్చే సెక్యూర్ బూట్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ, ఇంటెల్‌లోనైతే స్థూలంగా ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలని మైక్రోసాఫ్ట్ 2021లో నిర్ణయించింది. ఇతరులు చదవలేకుండా సమాచారాన్ని మార్చే ఎన్‌క్రిప్షన్‌కు వాడే తాళంచెవులను (కీలను) మామూలు ప్రోగ్రాములకు అందకుండా వేరే చోట దాచడం టీపీఎం చేసే పని. భద్రత దృష్ట్యా అది మంచిదే, ఆ వాదనను నేను కాదనను. అయితే ప్రాసెసర్ల జాబితాను చూసినప్పుడు మాత్రం నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. నాలుగు కోర్లు ఉన్న, నేటికీ ఏ ఇంటి పనికైనా సరిపోయే ఏడో తరం కోర్ ఐ7-7700 ఆ జాబితాలో లేదు. రెండే కోర్లతో మెల్లగా నడిచే సెలెరాన్ ఎన్4000 ఉంది. ఏడో తరంలోనే 7820హెచ్‌క్యూ అనే ప్రాసెసర్‌కు మాత్రం, ఎంపిక చేసిన కొన్ని యంత్రాలలో ఉంటేనే, మినహాయింపు ఇచ్చారు. మైక్రోసాఫ్ట్ స్వయంగా అమ్మిన సర్ఫేస్ స్టూడియో 2 అనే కంప్యూటర్‌లో ఉన్నది ఆ ప్రాసెసరే. కాబట్టి అర్హం కాదన్న సందేశాన్ని మీ యంత్రం సామర్థ్యం మీద ఇచ్చిన తీర్పుగా భావించనవసరం లేదు.

1980లలో ఇళ్లలోకి వచ్చిన కమడోర్ 64, జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ వంటి కంప్యూటర్లలో ఆపరేటింగ్ సిస్టమ్ రోమ్ (ROM) అనే చిప్‌లోనే శాశ్వతంగా ముద్రితమై ఉండేది. ఇది మనం ర్యామ్ (RAM) అని పిలిచే తాత్కాలిక మెమరీ కాదు, చదవడానికే తప్ప మార్చడానికి వీలులేనిది. స్విచ్ వేయగానే అవి మొదటి రోజు ఎలా పలికాయో చివరి రోజు దాకా అలాగే పలికేవి. బయటి నెట్‌వర్క్‌తో వాటికి పెద్దగా సంబంధం లేదు కనుక అది సాధ్యమైంది. ఆ నిశ్చింతను పూర్తిగా వెనక్కి తెచ్చుకోలేము గానీ, నెట్‌వర్క్‌తో పని లేని యంత్రానికి ఈనాటికీ ఆ సూత్రమే వర్తిస్తుంది. ఆ సంగతి కింద మళ్లీ చెబుతాను.

మొదట చేయవలసినది సందేశానికి కారణమేమిటో తెలుసుకోవడం. విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ అనే భాగానికి వెళితే సెక్యూరిటీ ప్రాసెసర్ వివరాలు కనిపిస్తాయి. అక్కడ ఏమీ లేకపోతే చిప్ లేదని వెంటనే అనుకోకూడదు; చాలా కంప్యూటర్లలో ఆ సౌకర్యం ప్రాసెసర్‌లోనే ఉండి, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు నడిచే బయోస్ అనే మూల సెట్టింగుల ప్రోగ్రాములో ఆపివేసి ఉంటుంది. ఇంటెల్ బోర్డులలో పీటీటీ అనీ, ఏఎండీ బోర్డులలో ఎఫ్‌టీపీఎం అనీ ఆ సెట్టింగ్ ఉంటుంది. మా బంధువుల కంప్యూటర్ ఒకటి అనర్హమని చెప్పినప్పుడు, ఎనిమిదో తరం ప్రాసెసర్ కావడం వల్ల, ఆ ఒక్క సెట్టింగ్ మార్చడంతో సమస్య తీరిపోయింది. బయోస్‌లో దేన్నైనా మార్చే ముందు బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ సౌకర్యం) రికవరీ కీని కాగితం మీద రాసి ఉంచుకోండి, లేకపోతే మీ డిస్క్‌ను మీరే తెరవలేని పరిస్థితి రావచ్చు. అయితే మీది 2016 నాటి యంత్రం కాబట్టి, ప్రాసెసర్ దాదాపుగా ఆరో తరానిదో అంతకంటే పాతదో అయి ఉంటుంది; ఈ దారి మీకు పనికివచ్చే అవకాశం చాలా తక్కువ.

నియమాలను దాటవేసి విండోస్ 11ను ఎక్కించే ఉపాయాలు చాలా ప్రచారంలో ఉన్నాయి. ఇంటి అవసరాలకు వాడే ఏకైక కంప్యూటర్ మీద ఆ పని చేయమని నేను ఎవరికీ చెప్పను, ఎందుకంటే అటువంటి యంత్రాలకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు. సవరణల కోసమే కదా మనం ఇంత శ్రమ పడుతున్నది! కొంత వ్యవధి కావాలనుకుంటే, విండోస్ 10 వాడే సాధారణ వినియోగదారులకు 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా సవరణలు ఇచ్చే ఈఎస్‌యూ పథకాన్ని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. విండోస్ 10లో చివరిదైన 22హెచ్2 వెర్షన్ ఉన్న యంత్రంలో అప్‌డేట్ల పేజీ నుంచే అందులో చేరవచ్చు. అది ఆలోచించుకోవడానికి దొరికే గడువే తప్ప శాశ్వత పరిష్కారం కాదు.

మీరు చెప్పిన అవసరాలకు నేను నిస్సంకోచంగా సూచించేది విండోస్‌కు బదులుగా ఉచితంగా వాడుకోగల లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. మా నాన్నగారి కంప్యూటర్‌లో దాన్ని వేసి చాలా కాలమైంది. అంతకుముందు ఒక పెద్ద అప్‌గ్రేడ్ తర్వాత ఆయనకు అలవాటైన గుర్తులన్నీ చోటు మారిపోయాయి. రోజూ చేసుకునే పని కోసం ప్రతిసారీ నన్ను పిలవవలసి రావడం ఆయనను ఎంతో నొప్పించింది. తన ఇంట్లో తన వస్తువును తనను అడగకుండా ఇంకెవరో సర్దేశారన్న బాధ అది, ఆ బాధ న్యాయమైనదే. మింట్‌లో అప్‌డేట్లు వచ్చాయని తెలుస్తుంది, వాటిని ఎప్పుడు వేసుకోవాలో మనమే నిర్ణయించుకుంటాము. మింట్ 22 వరుసకు 2029 వరకు భద్రతా సవరణలు అందుతాయి. లిబ్రెఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ ప్రోగ్రాములో పాత ఉత్తరాలు, లెక్కల పట్టికలు తెరుచుకుంటాయి. క్లిష్టమైన అమరికలు, మాక్రోలు (పనులను వాటంతట అవే చేసే చిన్న ఆదేశాలు) ఉన్న ఫైళ్లు మాత్రం ముందే తెరిచి చూసుకోవాలి.

అన్నిటికంటే నాకు సంతోషం కలిగించినది మా పాత స్కానర్. కొత్త సిస్టమ్‌కు డ్రైవర్ (పరికరాన్ని నడిపించే చిన్న ప్రోగ్రాము) తయారు చేయబోమని దాని తయారీదారు చెప్పేయడంతో, గాజు మీద చిన్న గీత కూడా లేని ఆ వస్తువు ఎందుకూ కొరగాకుండా మూల పడి ఉండేది. లినక్స్‌లో స్కానర్ల కోసం సేన్ అనే ఉమ్మడి వ్యవస్థ ఉంది. దానిలో ఆ మోడల్‌కు మద్దతు ఉండటం వల్ల, ఏ సీడీ అవసరం లేకుండానే అది మళ్లీ పని చేసింది. అన్ని పరికరాలకూ ఈ అదృష్టం ఉంటుందని చెప్పలేను. అందుకే ఏదీ తుడిచివేయకముందే మింట్‌ను యూఎస్‌బీ డ్రైవ్ మీదకు ఎక్కించి, అక్కడి నుంచే కంప్యూటర్‌ను నడిపి చూడండి. వైఫై కలుస్తోందా, శబ్దం వస్తోందా, ప్రింటర్ కదులుతోందా, నిద్రావస్థ నుంచి యంత్రం సరిగా లేస్తోందా అన్నవి అప్పుడే తేలిపోతాయి. మీ హార్డ్ డిస్క్ మీద ఉన్నది ఏదీ చెక్కుచెదరదు. విండోస్‌లో మాత్రమే నడిచే ఒక ప్రోగ్రాము మీద మీ పని ఆధారపడి ఉంటే మాత్రం ఈ దారి మీకు కష్టమే.

కంప్యూటర్ నెమ్మదించిందని మీరు రాశారు. దానికి ఆపరేటింగ్ సిస్టమ్ కంటే, లోపల తిరిగే పాత హార్డ్ డిస్కే ఎక్కువగా కారణమవుతుంది. దాని స్థానంలో తిరిగే భాగాలు లేని, వేగవంతమైన సాటా ఎస్‌ఎస్‌డీ డిస్క్ పెట్టించి, ర్యామ్‌ను 8 జీబీకి పెంచిన తర్వాత, మార్చేద్దామనుకున్న యంత్రాలను ఇళ్లలో మళ్లీ ఇష్టంగా వాడుకోవడం నేను పలుమార్లు చూశాను.

ఒకవేళ ఏదో ఒక పాత ప్రోగ్రాము కోసం విండోస్ 10నే ఉంచుకోక తప్పదనుకుంటే, ఆ కంప్యూటర్‌ను నెట్‌వర్క్ నుంచి పూర్తిగా వేరు చేయండి. కేబుల్ తీసివేసి, దాచిన వైఫై పాస్‌వర్డ్‌ను తొలగించండి; బ్యాంకు పనులు, ఈమెయిల్ వేరే పరికరంలో చేసుకోండి. ఫైళ్లు తేవడానికి వాడే యూఎస్‌బీ డ్రైవ్‌ను ముందుగా మరో యంత్రంలో యాంటీవైరస్‌తో పరీక్షించండి. ఈ పద్ధతిలో మా దగ్గర ఒక పాత యంత్రం ఇప్పటికీ నిరాటంకంగా పని చేస్తోంది.

ఏ దారి ఎంచుకున్నా, ముందు ఫొటోలు, పత్రాలు బయటి డిస్క్‌లోకి కాపీ చేసి, వాటిలో కొన్నిటిని మరో కంప్యూటర్‌లో తెరిచి సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు, కొనుక్కున్న ప్రోగ్రాముల కీలు ఆ కాపీలో వాటంతట అవే చేరవు, వాటిని విడిగా తీసుకోవాలి. మీ ప్రాసెసర్ మోడల్, ప్రింటర్ మోడల్, మీరు వదులుకోలేని ప్రోగ్రాముల పేర్లు తెలియజేస్తే, మింట్‌లో ఏది నడుస్తుందో, ఏది నడవదో చూసి చెబుతాను.