వాషింగ్ మెషీన్ మాట ఫోన్ విందా?

ప్రశ్న: మొన్న రాత్రి భోజనాల దగ్గర మావారూ నేనూ వాషింగ్ మెషీన్ మార్చాలని అనుకున్నాం. నేను ఫోన్‌లో ఎక్కడా వెతకలేదు. తెల్లారి ఫేస్‌బుక్ తెరిస్తే వరసగా అవే ప్రకటనలు. ఫోన్ మన మాటలు వింటోందా? చాలా టెన్షన్‌గా ఉంది. - ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు మీవారిని అడగండి, ఆ రాత్రి ఆయన వెతికారేమో! ఒకే వైఫై మీదున్న ఫోన్లు సాధారణంగా బయటికి ఒకే ఐపీ అడ్రస్‌తో, అంటే ఒకే ఇంటర్నెట్ చిరునామాతో కనిపిస్తాయి. ఇవి ఒకే ఇంటివని అంచనా వేయడం ప్రకటనల వ్యాపారంలో మామూలే.

మైక్‌తో వినడం లేదని 2018లో అమెరికా సెనేట్ ముందు ఫేస్‌బుక్ అధిపతి జుకర్‌బర్గ్ చెప్పాడు. ఆయన మాటే నమ్మమని నేననను. అదే ఏడాది నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షిస్తే, దొంగచాటుగా మాటలు రికార్డు చేసి పంపుతున్న దాఖలా దొరకలేదు. అయితే కొన్ని యాప్‌లు స్క్రీన్‌ని రికార్డు చేసి వేరే కంపెనీలకు పంపుతున్నట్టు తేలింది. మనం భయపడేది ఒకచోట, జరిగేది ఇంకోచోట.

అసలు మైక్‌తో పనేముంది? ఫేస్‌బుక్, వాట్సాప్‌లు మెటా అనే కంపెనీవి. చాలా షాపింగ్ సైట్లలో మెటా పిక్సెల్ అనే చిన్న కోడ్ ఉంటుంది. మీరు ఏ మోడల్ చూశారు, కార్ట్‌లో ఏం వేశారు, చివరికి కొన్నారా లేదా అన్నది అది మెటాకు చేరవేస్తుంది. ఆ కోడ్ పెట్టుకున్నది ఆ సైటువాళ్లే. షాపులో బిల్లు వేసేటప్పుడు ‘మేడం, ఫోన్ నంబర్?’ అని అడుగుతారు కదా, మనం ఠక్కున చెప్పేస్తాం. షాపువాళ్లు ఆ నంబర్ల జాబితాను మెటాకు అప్‌లోడ్ చేసి, ‘వీళ్లకు మా ప్రకటన చూపించు’ అనవచ్చు. నంబర్లను సంకేతాలుగా మార్చే పంపుతారు, కానీ మీ ఖాతాతో జత కుదరడానికి అది చాలు. నేనైతే నంబర్ అడిగితే వద్దంటాను. బిల్లు ఆగిన సందర్భం ఇంతవరకూ లేదు.

మీ గురించి ఏయే సైట్లు, యాప్‌లు కబురు పంపాయో ఫేస్‌బుక్‌లోనే చూడవచ్చు. సెట్టింగ్స్‌లో అకౌంట్స్ సెంటర్, అందులో ‘యువర్ ఇన్ఫర్మేషన్ అండ్ పర్మిషన్స్’, ఆ తర్వాత ‘యువర్ యాక్టివిటీ ఆఫ్ మెటా టెక్నాలజీస్’. అక్కడ పాతదాన్ని చెరిపేసి, ఇకముందు వచ్చేదాన్ని మీ ఖాతాకు జత చేయకుండా ఆపవచ్చు. ఇలా చేస్తే, ఫేస్‌బుక్‌తో లాగిన్ అయిన యాప్‌లు ఉంటే వాటి నుంచి దానంతటదే లాగౌట్ అయిపోవచ్చు, పాస్‌వర్డ్‌లు ముందే చూసుకోండి. ప్రకటనల సంఖ్య మాత్రం తగ్గదు, గురి తప్పుతుందంతే.

మనశ్శాంతి కోసం మైక్ పర్మిషన్ కూడా తీసేయండి, నష్టం లేదు. ఆండ్రాయిడ్ 12 నుంచి ఏ యాప్ మైక్ వాడినా స్క్రీన్ పైమూలన పచ్చ గుర్తు వెలుగుతుంది.

ప్రశ్న: వాట్సాప్ చాట్‌లు చదివి ప్రకటనలు ఇస్తారా? - ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: మీ స్నేహితులతో చాట్ అయితే లేదు, ఆ మెసేజ్‌లు కంపెనీకి కూడా తెరుచుకోవు. కానీ ఒక వ్యాపార సంస్థకు మెసేజ్ పెడితే, దాన్ని ఆ సంస్థ తన ప్రకటనలకు వాడుకోవచ్చు. వాట్సాప్‌లోనే ఉండే మెటా ఏఐ అనే చాట్‌బాట్‌తో చేసే చాట్ మరీ వేరు: 2025 డిసెంబర్ 16 నుంచి చాలా దేశాల్లో అది ప్రకటనల లెక్కలోకి వస్తోంది. వాట్సాప్‌ను అకౌంట్స్ సెంటర్‌కు కలపకపోతే, అక్కడ ఏఐని అడిగినవి ఫేస్‌బుక్ ప్రకటనల దాకా వెళ్లవు.