వయొలెట్ ఆకు దగ్గర మొదలుపెట్టు

ప్రియమైన తమ్ముడికి,

నువ్వు పంపిన వ్యాసం నింపాదిగా చదివాను. అయోవా రాష్ట్రంలో డెమోయిన్ చుట్టుపక్కల ఇన్సూరెన్స్, బ్యాంకు కంపెనీల్లో మనవాళ్లు ఇంతమంది ఉన్నా, అక్కడికి దగ్గర్లోనే ఉన్న నీల్ స్మిత్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్ అనే రక్షిత ప్రాంతం గడ్డిలో తిరిగి దాని గురించి తెలుగులో రాసినవాళ్లు నాకు తారసపడలేదు. నువ్వు రాశావు, అదీ ఇష్టంగా రాశావు. ఇది బాగా రావాలని నాకు నీకంటే ఎక్కువ ఆత్రంగా ఉంది. అందుకే ఉత్తరం కాస్త పొడుగైనా ఓపిగ్గా చదువు.

నీ వ్యాసంలో సీతాకోకచిలుకలు ఎప్పుడు చూసినా ఎగురుతూనే ఉన్నాయి. మొదటి పేజీలో మోనార్క్, తర్వాత స్వాలోటెయిల్, ఆ తర్వాత రీగల్ ఫ్రిటిల్లరీ, ఒక్కోదానికీ ఒక పేరా రంగులు. చదువుతున్నంతసేపూ బాగుంది. పక్కన పెట్టాక మాత్రం, అవి ఆ గడ్డిలోనే ఎందుకున్నాయి, పక్కనున్న మొక్కజొన్న చేలో ఎందుకు లేవు అన్న ప్రశ్నకు నాకు జవాబు దొరకలేదు. నేను చెప్పదలచుకున్నది ఇదే: రెక్కల్ని కాసేపు పక్కన పెట్టి ఆకు దగ్గర మొదలుపెట్టు. తల్లి గుడ్లు పెట్టడానికి ఏ మొక్కను వెతుక్కుంటుంది, ఆ మొక్క ఎలాంటి నేలలో బతుకుతుంది, చలికాలమంతా పురుగు ఎక్కడ దాక్కుంటుంది. ఇవి తెలిస్తే ఆ చోటు దానంతటదే కాగితం మీదికి వస్తుంది.

నేనైతే వ్యాసం మొత్తం రీగల్ ఫ్రిటిల్లరీకే ఇచ్చేస్తాను. దాని అందం సంగతి నువ్వు ఎలాగూ రాశావు. ముందు రెక్కలు నారింజ రంగు, వెనక రెక్కలు నీలం కలిసిన నలుపు, వాటి మీద రెండు వరసల చుక్కలు. ఆడదానికి రెండు వరసలూ మీగడ తెలుపు, మగదానికి బయటి వరస నారింజ. ఈ తేడా నీ వ్యాసంలో లేదు, చేర్చు. కానీ అసలు కథ అక్కడ లేదు. దాని గొంగళి పురుగు వయొలెట్ ఆకులు తప్ప ఇంకేమీ తినదు. పొడి ప్రెయిరీలో, అంటే గడ్డి మైదానంలో, పెరిగే ప్రెయిరీ వయొలెట్ వాటిలో ముఖ్యమైనది. అది నేలకు అంటుకున్నట్టుండే చిన్న మొక్క. ఆకులు వేళ్లలాగా చీలి ఉంటాయి. వసంతంలో ఊదా పూలు పూస్తుంది. వేసవిలో బిగ్ బ్లూస్టెమ్ గడ్డి మనిషి ఎత్తు దాటేసరికి ఆ మొక్క ఎక్కడుందో కూడా తెలియదు.

జూన్ నెలలో మగవి ముందు బయటికొస్తాయి, ఆడవి కొద్ది రోజుల తర్వాత. జత కట్టిన వెంటనే ఆడది గుడ్లు పెట్టదు. వేసవంతా మిల్క్‌వీడ్, కోన్‌ఫ్లవర్, బ్లేజింగ్ స్టార్ పూల మీద తేనె తాగుతూ కాలం గడుపుతుంది. మగవి చాలావరకు ఈలోగా చచ్చిపోతాయి. ఆగస్టు చివర్లో, సెప్టెంబరులో ఆడది గడ్డిలోకి దిగి, నడుచుకుంటూ, ఎండుటాకు కింద ఒకటి, పుల్ల మీద ఒకటి గుడ్డు అంటిస్తూ పోతుంది. అలా వెయ్యికి పైగా పెడుతుంది. అప్పటికి వయొలెట్ ఆకులు చాలావరకు ఎండి రాలిపోయి ఉంటాయి. గుడ్డులోంచి వచ్చిన పురుగు నువ్వుగింజ కంటే పెద్దదేమీ కాదు. అది వయొలెట్ ఆకు ఒక్క కొరుకైనా తినకుండా ఎండుగడ్డి అడుక్కి దూరి, మైనస్ ఇరవై డిగ్రీలకు కూడా పడిపోయే అయోవా చలికాలాన్ని అక్కడే గడుపుతుంది. వసంతంలో వయొలెట్ చిగురు వేసినప్పుడు, దాన్ని వెతుక్కుంటూ తనే నడిచి వెళ్లాలి. వెయ్యి గుడ్లు ఎందుకు పెడుతుందో ఇప్పుడు అర్థమైందా? ఈ ముక్క నీ వ్యాసంలో ఉంటే చదివేవాడు జూన్‌లో రెక్క విప్పిన ప్రతి రీగల్‌నీ వేరే కళ్లతో చూస్తాడు.

ఇక్కడే నిప్పు సంగతి వస్తుంది. దాన్ని నువ్వు 'ప్రెయిరీని అప్పుడప్పుడూ కాలుస్తారు' అని ఒక్క వాక్యంలో దాటేశావు. నాకు దిగులనిపించింది, ఎందుకంటే కథకు గుండెకాయ అదే. కాల్చకపోతే ఎండుగడ్డి పేరుకుపోతుంది, పొదలూ చెట్లూ కమ్ముకొస్తాయి, పొట్టి వయొలెట్‌కి వెలుతురు అందదు. కాలిస్తే ఆ ఎండుగడ్డిలో నిద్రపోతున్న పురుగులు మాడిపోతాయి. నిప్పు పెట్టకపోతే ఆకు పోతుంది, పెడితే పురుగు పోతుంది. అందుకే నేలంతా ఒకేసారి కాల్చకుండా, ఒక ఏడు ఒక ముక్క, ఇంకో ఏడు ఇంకో ముక్క కాల్చి, కాలని ముక్కలోంచి సీతాకోకచిలుకలు మళ్లీ విస్తరించేలా చూసుకోవాలి. ఏ ముక్క ఎప్పుడు కాల్చాలన్నది మామూలు నిర్ణయం కాదు. దాన్ని తీసుకునే మనుషులు రెఫ్యూజ్ ఆఫీసులోనే ఉంటారు. వెళ్లి అడుగు. కాల్చిన ముక్కా, కాల్చని ముక్కా కలిసే గీత దగ్గర నిలబడి రెండు వైపులా ఏమేం మొలుస్తున్నాయో రాసుకో.

ఆ నేల చరిత్ర కూడా కొద్దిగా కావాలి, మరీ ఎక్కువ వద్దు. ఒకప్పుడు అయోవాలో దాదాపు 80 శాతం పొడుగు గడ్డి ప్రెయిరీయే. ఇప్పుడు మిగిలింది అందులో 0.1 శాతం కూడా లేదు. రెఫ్యూజ్ ఉన్న భూమి మొక్కజొన్న, సోయా పండిన భూమే. అణువిద్యుత్ కేంద్రం కడదామని ఒక కరెంటు కంపెనీ అక్కడ చాలా భూమి కొని పెట్టుకుంది. ఆ కేంద్రం రాలేదు. 1990ల మొదట్లో అది రెఫ్యూజ్ అయింది. పాత శ్మశానాల్లో, రైలు పట్టాల పక్కన మిగిలిన ప్రెయిరీ ముక్కల నుంచి విత్తనాలు ఏరి తెచ్చి చల్లారు. 1996లో బైసన్‌లు, అంటే అమెరికా అడవి దున్నలు, వచ్చాయి. రీగల్ ఫ్రిటిల్లరీ మాత్రం తనంతట తాను రాలేదు. అయోవా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ముందు వయొలెట్‌లు నాటే పని జరిపించి, ఆ తర్వాత ఆడ సీతాకోకచిలుకల్ని తెచ్చి వదిలారు. 2005లో దాని మీద పరిశోధన పేపర్ కూడా వేశారు. గడ్డి వచ్చినంత మాత్రాన ప్రెయిరీ రాలేదన్న సంగతి దీంతోనే తెలిసిపోతుంది, నువ్వు వేరే వ్యాఖ్యానం చేయక్కర్లేదు.

మోనార్క్ గురించి రాయొద్దని కాదు. కాకపోతే చలికాలానికి అది చేసే మెక్సికో ప్రయాణం గురించి అందరూ రాసేశారు. మన పాఠకుడికి నువ్వు మాత్రమే ఇవ్వగలిగింది ఇంకొకటుంది. మోనార్క్ పురుగు తినే మిల్క్‌వీడ్, మన జిల్లేడు ఒకే కుటుంబం మొక్కలు. తుంచితే రెండిట్లోనూ పాలు కారతాయి. మన దగ్గర జిల్లేడు ఆకుల మీద నలుపు, పసుపు, తెలుపు చారలతో కనబడే పురుగు ప్లెయిన్ టైగర్‌ది. అది మోనార్క్‌కి దగ్గరి చుట్టమే. పక్కపక్కన పెడితే గుర్తుపట్టడం తేలిక: ఒంటి మీద లేచి ఉండే నల్లటి తీగలు మోనార్క్ పురుగుకు రెండు జతలు, ప్లెయిన్ టైగర్‌కు మూడు. వినాయక చవితికి జిల్లేడు ఆకులు కోసిన ప్రతివాడికీ ఈ ఒక్క వాక్యంతో అయోవా దగ్గరైపోతుంది. అలాగని వ్యాసాన్ని మన ఊరికి లాక్కురావద్దు. ఆ ఒక్క చోట చాలు.

కనబడని వాటికీ చోటివ్వు. రెఫ్యూజ్ నుంచి కారులో గంటలోపే గ్రిన్నెల్ ఊరు. పొవెషీక్ స్కిప్పర్లింగ్ అనే చిన్న గోధుమరంగు సీతాకోకచిలుకను 1870లో మొదట వర్ణించింది అక్కడ పట్టిన వాటిని చూసే. ఆ ఊరున్న కౌంటీ (మన జిల్లా లాంటిది) పేరే ఆ సీతాకోకచిలుకకు పెట్టారు. ఈ రోజు అయోవాలో అది లేదు. 2014లో అమెరికా ప్రభుత్వం దాన్ని అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చింది. పుట్టింట్లోనే లేకుండా పోయిన దాని గురించి 'అయ్యో ప్రకృతి' అని రాస్తే ఎవరికీ ఏమీ అందదు. తేదీ, ఊరు, పేరు రాసి ఊరుకో. బాధ పాఠకుడికే వదిలెయ్.

భాష గురించి రెండు ముక్కలు. 'ఇంద్రధనుస్సు', 'ప్రకృతి కాన్వాస్', 'రంగుల పండగ' మూడూ తీసెయ్. ఇంగ్లిషు పేర్లు వాడాల్సి వస్తోందని టెన్షన్ పడకు. ప్రెయిరీ వయొలెట్‌కి తెలుగు పేరు కల్పించి పెడితే చదివేవాడు ఆ మొక్కను ఎక్కడా వెతికి పట్టుకోలేడు. ఉన్న పేరే పెట్టి, ఆకు ఎలా ఉంటుందో తెలుగులో చెప్పు.

ఇప్పుడున్న డ్రాఫ్ట్‌ను సరిదిద్దుతూ కూర్చోకు. ఏప్రిల్ చివర్లో ఒకసారి వెళ్లు, అప్పుడు ఎగిరే రీగల్ ఒక్కటీ ఉండదు, వయొలెట్ మాత్రం పూసి ఉంటుంది. జూలైలో మళ్లీ వెళ్లు, సెప్టెంబరులో ఇంకోసారి. కాలిబాట వదిలి మొక్కల మీద నడవకు. వేసవిలో ఆ గడ్డిలో టిక్స్ (పిడుదులు) ఎక్కువ, ప్యాంటు సాక్సుల్లోకి దోపుకో, ఇంటికొచ్చాక ఒళ్లంతా చూసుకో. ఏప్రిల్ పేజీలు రాయగానే నాకు పంపు, మిగతావాటి కోసం ఆగకు.

ప్రేమతో,
అన్నయ్య