బయటి వ్యాపారి మన కంపెనీ షేర్లు కొంటుంటే

అన్నా, మీ తాడిపత్రి నాపరాళ్ల పాలిషింగ్ కంపెనీలో చిన్నాన్న కొడుకులు తమ 30 శాతం బయటివాళ్లకు అమ్ముతున్నారు, ఆపడమెలా అన్నారు. ప్రైవేట్ లిమిటెడ్ కాబట్టి ముందు ఆర్టికల్స్ (కంపెనీ లోపలి నియమావళి) తీసి చదవండి. 'అమ్మేవాడు మొదట పాత వాటాదారులకే చూపాలి' అన్న క్లాజు ఉంటే సగం గెలిచినట్టే. చాలామంది కంపెనీల చట్టంలోని నమూనా నియమావళి అయిన టేబుల్ ఎఫ్‌ను అలాగే దింపేస్తారు; పూర్తిగా డబ్బు కట్టిన షేర్ల విషయంలో అది పెద్దగా కాపాడదు.

క్లాజు లేకపోతే ఇప్పుడు చేర్చడం కష్టం. ఆర్టికల్స్ మార్చే స్పెషల్ రిజల్యూషన్‌కు (ప్రత్యేక తీర్మానం) పోలైన ఓట్లలో 75 శాతం కావాలి, వాళ్ల 30 శాతం అడ్డం పడుతుంది. అందుకే ఓ 6 శాతమైనా మీరే కొనండి, మిగతా వాటాదారులంతా ఓటేస్తే మిగిలిన 24తో కొత్తాయన స్పెషల్ రిజల్యూషన్‌ను ఒంటరిగా అడ్డుకోలేడు.

క్లాజు ఉండీ ఎస్‌హెచ్-4 (షేర్ల బదిలీ ఫారం) వచ్చిందంటే గమ్మున కూర్చోవద్దు. అందిన 30 రోజుల్లో బదిలీని తిరస్కరిస్తూ బోర్డు తీర్మానం చేసి, కారణాలు రాసి, అమ్మేవాడికీ కొనేవాడికీ నోటీసు పంపాలి. కారణం లేని తిరస్కరణ ఎన్‌సీఎల్‌టీలో (కంపెనీ వివాదాలు చూసే ట్రిబ్యునల్) నిలవదు.

ఇంకోమాట: మీకు మీరే కొత్త షేర్లు రాసుకుని వాళ్ల వాటా పలచన చేయొద్దు. వాటాదారులను అణచివేశారని కంపెనీల చట్టం సెక్షన్ 241 కింద కేసు పడుతుంది, ఆ అలాట్‌మెంటే రద్దు కావచ్చు.