డ్యుబుల్‌లో డెన్మార్క్ ఎందుకు ఓడింది?

ప్రశ్న: 1864లో డెన్మార్క్ సైన్యం డ్యుబుల్ దగ్గర జర్మన్ల చేతిలో చిత్తయిందని చదివా. అంత చిన్న దేశం ఆ గొడవ ఎందుకు పెట్టుకుందండీ? – ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: గొడవ పెట్టుకుంది అన్నారు చూడండి, అందులో నిజం ఉంది. ష్లెస్విగ్, హోల్‌స్టయిన్ అని రెండు డచీలు (డ్యూక్ పాలించే చిన్న రాజ్యాలు), రెంటికీ డెన్మార్క్ రాజే పాలకుడు, హోల్‌స్టయిన్‌లో అంతా జర్మన్ మాట్లాడేవాళ్ళు, ష్లెస్విగ్‌లో రెండు భాషలవాళ్ళూ. ష్లెస్విగ్‌ని మాలో కలుపుకోం అని డెన్మార్క్ వాళ్ళు అంతకుముందు మాటిచ్చి 1863 నవంబర్‌లో కొత్త రాజ్యాంగంతో కలిపేసుకోబోయారు. జర్మన్ రాజ్యాల్లో పెద్దదైన ప్రష్యాలో ప్రధాని బిస్మార్క్ ఇలాంటి ఛాన్స్ కోసమే కాచుక్కూర్చున్నాడు, ఆస్ట్రియాని కూడా వెంటేసుకొచ్చాడు.

ఫిబ్రవరిలో డానెవిర్క అనే పాత మట్టిగోడ దగ్గర ఆపుదాం అనుకున్నారు గానీ చలికి పక్కన చిత్తడి నేలలు, నీళ్ళు గడ్డకట్టి శత్రువుకి దారి అయిపోయాయి. డెన్మార్క్ సేనాని జనరల్ డి మెజా రాత్రికి రాత్రి సైన్యాన్ని వెనక్కి, ష్లెస్విగ్‌లోనే ఉన్న డ్యుబుల్ వైపు తెచ్చేశాడు. నన్నడిగితే తెలివైన పనే. కోపెన్‌హాగన్‌లో మాత్రం జనం మండిపడ్డారు, ఆయన పదవి ఊడింది. ఇక డ్యుబుల్‌ని కూడా వదిలేస్తే ఇంకేమన్నా ఉందా? అందుకే అక్కడి కమాండర్ గెర్లాక్ పక్కనే ఉన్న ఆల్స్ దీవికి వెళ్ళిపోతామన్నా ప్రభుత్వం ఒప్పుకోలేదు, లండన్‌లో శాంతి చర్చలు మొదలయ్యేదాకా నిలబడాల్సిందే అంది. ప్రష్యా వాళ్ళకీ సరిగ్గా ఆ చర్చల ముందే ఒక గెలుపు కావాలి.

డ్యుబుల్‌లో ఉన్నది పది మట్టి బురుజులు. అఖాతం అవతల బ్రోఆగెర్ నించి ప్రష్యా రైఫిల్డ్ ఫిరంగులు (గొట్టం లోపల మెలికల గాళ్ళున్నవి, దూరం కొడతాయి) పక్కవాటంగా కొడుతుంటే డేన్ల (డెన్మార్క్ వాళ్ళ) ఫిరంగులు అంత దూరం సరిగ్గా అందుకోలేకపోయాయి, బురుజులు వారాల తరబడి కూలుతూనే ఉన్నాయి. పైగా ప్రష్యా సైనికుడు తుపాకీకి వెనకనించి తూటా పెట్టి పడుకునే కాల్చేవాడు, డేన్ మాత్రం గొట్టం ముందునించి కూరుకోవాలి. ఏప్రిల్ 18 పొద్దున పదింటికి దాడి మొదలైంది, మధ్యాహ్నానికల్లా అయిపోయింది. డేన్లకి దాదాపు 5 వేలమంది నష్టం, ఎక్కువమంది ఖైదీలే, ప్రష్యాకి 1,200 దాకా.

ప్రశ్న: మరి ఆ చోటు ఇప్పుడు జర్మనీలోనే ఉందా? – అదే పాఠకుడు

జవాబు: లేదండి, డెన్మార్క్‌లోనే ఉంది. 1864 అక్టోబర్‌లో వియన్నా ఒప్పందంతో పోయింది, 1920లో ఉత్తర ష్లెస్విగ్ జనం ఓటేసి తిరిగొచ్చారు. ఈలోపు మొదటి ప్రపంచయుద్ధంలో అక్కడి డేన్ కుర్రాళ్ళు జర్మన్ యూనిఫాం వేసుకుని పోరాడాల్సొచ్చింది, చాలామంది తిరిగి రాలేదు.