ముందు మరుగుదొడ్డి గడియ చూడు

చిట్టితల్లికి,

పెద్దమ్మ ఆశీస్సులు. డీఎస్సీలో నీకు ఉద్యోగం వచ్చిందని, ఒకటి, రెండు తరగతులు నీకే అప్పగించారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆ రాత్రి సంతోషంతో నాకు నిద్రే పట్టలేదు. 33 ఏళ్ళు చిన్నపిల్లల బడుల్లోనే గడిపినదాన్ని కదా, నీకు చెప్పాల్సినవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అక్షరాలు ఎలా దిద్దించాలో నీకు డీఈడీలో చెప్పే ఉంటారు. నేను చెప్పేది వేరే.

బడికి వెళ్ళిన మొదటి రోజే మరుగుదొడ్డిలోకి వెళ్ళి తలుపు వేసి చూడు. గడియ పడుతుందా? ఆరేళ్ళ పిల్లకి అందుతుందా? కుళాయిలో నీళ్ళున్నాయా, మగ్గు ఉందా?

నేను పనిచేసిన ఒక బడిలో రెండో తరగతి పిల్ల ఒకతి ఉండేది. పొద్దున చలాకీగా ఉండేది, మధ్యాహ్నం భోజనం అయ్యేసరికి తల వాల్చేసేది. బద్ధకం అనుకుని రెండుసార్లు కసిరాను. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఒకరోజు సాయంత్రం దాని నీళ్ళ సీసా చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉంది. వాళ్ళమ్మ పొద్దున నింపిన నీళ్ళు మెడ దాకా అలాగే ఉన్నాయి. పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా అడిగితే నా చెవిలో చెప్పింది, "తాగితే ఒకటికొస్తుంది టీచర్. ఆ తలుపుకి గడియ లేదు" అని. మగపిల్లలు తలుపు తోసి పారిపోయేవాళ్ళట. ఇంటికి వెళ్ళేదాకా బిగబట్టుకుని కూర్చునేది, ఏడేళ్ళ పిల్ల!

మరమ్మతుల కోసం పైకి రెండుసార్లు రాశాం, జవాబు రాలేదు. చివరికి నేనే గడియ కొని వడ్రంగిని పిలిపించాను. అతను అలవాటు కొద్దీ పెద్దవాళ్ళ ఎత్తులో గుర్తు పెట్టాడు. ఆ పిల్లని తలుపు పక్కన నిలబెట్టి, దాని భుజం దగ్గర సుద్దతో గీత గీసి, ఇక్కడ బిగించు నాయనా అన్నాను. తలుపు తోసిన పిల్లలతో కూడా విడిగా కూర్చుని మాట్లాడాను. వారం తిరక్కుండా దాని సీసా ఖాళీగా ఇంటికి వెళ్ళడం మొదలైంది.

ఇప్పుడు చాలా బడుల్లో వాటర్ బెల్ కొడుతున్నారు, చాలా మంచి పని. గంట కొట్టగానే నువ్వూ సీసా ఎత్తి వాళ్ళతో పాటు తాగు. తాగాక బయటికి వెళ్ళిరానివ్వకుండా మాత్రం పాఠం మొదలుపెట్టకు.

మధ్యాహ్నం పిల్లల వరసలోనే కూర్చుని తిను. ప్రాథమిక బడి పిల్లకి పూటకి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు అని లెక్క ఉంది. ఆ లెక్క కంచంలోకి వస్తోందో లేదో పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది. ఎవరైనా కోడిగుడ్డు తినకుండా జేబులో పెట్టుకుంటే అందరిముందూ అడగొద్దు. ఇంట్లో చిన్న తమ్ముడు ఉండి ఉంటాడు. అంగన్‌వాడీలో వాడి పేరు ఉందో లేదో కనుక్కో, అంతే.

ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల మాత్ర ఇస్తారు. నీ కళ్ళముందే నమిలి మింగించు, ఇంటికి ఇచ్చి పంపకు. ఆరోజు జ్వరంగా ఉన్న పిల్లకి వెయ్యొద్దు.

"కొట్టండి టీచర్, కొడితేగానీ వినడు" అని తల్లిదండ్రులే అంటారు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మాటలతో వేధించడాన్నీ కూడా వద్దంది. చట్టం సంగతి అలా ఉంచు. దెబ్బ తిన్న పిల్ల తనకేం రాదో నీకు మళ్ళీ చెప్పదు. అప్పుడు ఇంక ఏం నేర్పుతావు? ఏ పిల్లయినా నువ్వు చెయ్యి ఎత్తితేనే ముడుచుకుపోతుంటే, ఇంట్లో ఏం జరుగుతోందో ఓపిగ్గా కనుక్కో, హెచ్‌ఎంకి చెప్పు. ఆపదలో ఉన్న పిల్లల కోసం ఫోన్ చేసే 1098 నంబరు గోడమీద పెద్ద అక్షరాలతో రాయించు.

ఇంకొకటి. లెక్క చెయ్యలేదని ఆటల పీరియడ్ తీసెయ్యకు. వామనగుంటల పీట ఒకటి, చింతపిక్కలు ఒక డబ్బాడు తరగతిలో ఉంచు. వరసకి ఏడు గుంటలు, రెండు వరసలు. పిక్కలు పంచుకుంటూ పోయే పిల్ల నోటితో లెక్కపెట్టకుండానే ఎక్కడ ఆగుతుందో ముందే చూసుకుంటుంది. పలకమీద కూడిక రాదని ఏడ్చిన పిల్లలు ఆ పీట దగ్గర నన్నే ఓడించారు.

గడియ సంగతి చూశాక ఫోన్ చెయ్యి. ఎత్తు గుర్తు పెట్టేటప్పుడు తరగతిలో అందరికన్నా పొట్టి పిల్లని నిలబెట్టు.

నీ పెద్దమ్మ